మందు ఇచ్చిన టైం, ఎంటర్ చేసిన టైం: నర్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ పని ఇక్కడ మొదలుపెట్టండి

సిస్టర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 150 పడకల హాస్పిటల్, ఆరు నెలల కిందట కొత్త నర్సింగ్ మాడ్యూల్ పెట్టారు, ఇప్పుడు ఎన్‌ఏబీహెచ్‌ (హాస్పిటల్స్‌కి నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపుకి వెళ్తున్నారు, మేట్రన్ గారు మిమ్మల్ని వార్డు ఇన్‌ఛార్జ్ నుంచి తీసి నర్సింగ్ క్వాలిటీకి వేసి "ఐఎస్‌ఓ 9001 సూత్రాలు సిస్టమ్‌కి అప్లై చేసి చూపించు" అన్నారు. మీరు ఆ అంతర్జాతీయ క్వాలిటీ ప్రమాణం ఏడు సూత్రాలూ చదివారు, పీపీటీ కూడా చేశారు, కానీ రేపు పొద్దున వార్డులోకి వెళ్లి వాటితో ఏం చెయ్యాలో అర్థం కావట్లేదు అని రాశారు. నేను స్టాఫ్ నర్సుగా చేరి 22 ఏళ్లయింది, అందులో చివరి తొమ్మిదేళ్లు ఇదే పని, రెండు హాస్పిటల్స్‌లో కేస్ షీట్ నుంచి కంప్యూటర్‌కి మారడం దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక చూసుకుని చదవండి.

ముందు ఆ పీపీటీ పక్కన పెట్టండి. కస్టమర్ మీద దృష్టి, నాయకత్వం, అందర్నీ కలుపుకోవడం, పనిని ప్రాసెస్‌గా చూడటం, మెరుగుపరుస్తూ పోవడం, ఆధారాలు చూసి నిర్ణయం తీసుకోవడం, సంబంధాలు చూసుకోవడం. ఇవే కదా ఏడు, పాత వెర్షన్‌లో ఎనిమిది ఉండేవి, 2015లో ఏడు చేశారు. అన్నీ మంచివే. కానీ ఏడు కాలమ్స్ గీసి ఒక్కోదాని కింద సాఫ్ట్‌వేర్ ఫీచర్లు రాసుకుంటూ పోతే ఫైలు నిండుతుంది గానీ వార్డులో ఒక్క పేషెంటుకి కూడా తేడా రాదు. ఒకే ఒక్క కొలత పట్టుకోండి, ఏడు సూత్రాలూ దాని వెనకే వస్తాయి.

ఆ కొలత ఏంటంటే, పని చేసిన టైంకీ అది సిస్టమ్‌లోకి ఎక్కిన టైంకీ మధ్య ఎంత తేడా ఉంది అన్నది. మామూలుగా ఈ సాఫ్ట్‌వేర్లలో ప్రతి ఎంట్రీకి రెండు టైంలు ఉంటాయి, ఒకటి మనం వేసే టైం, అంటే మందు ఇచ్చింది 8కి, బీపీ చూసింది 10కి అని. రెండోది సేవ్ నొక్కగానే సర్వర్ తనంతట తాను వేసుకునే టైం, అది స్క్రీన్ మీద కనపడకపోవచ్చు, ఆడిట్ లాగ్‌లో ఉంటుంది. ఐటీ వాళ్లని అడిగి ఒకే వార్డుది, ఒకే వారానిది, రెండు టైంలూ ఎక్సెల్‌లో తెప్పించుకోండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి గంటల వారీగా చూడండి చాలు. నేను మొదటిసారి తీసినప్పుడు నాకు కనపడింది ఏంటంటే, మార్నింగ్ షిఫ్ట్ ఎంట్రీలన్నీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు మధ్యలో గుట్టగా పడి ఉన్నాయి, ఈవినింగ్‌వి ఏడు నుంచి ఎనిమిది, నైట్‌వి తెల్లారి ఆరు తర్వాత. అంటే అప్పటిదాకా ఆ బీపీలూ, షుగర్లూ, యూరిన్ అవుట్‌పుట్‌లూ అరచేతి మీద, గ్లవ్స్ డబ్బా అట్ట మీద, జేబులో చిట్టీల మీద బతుకుతున్నాయి. మేనేజ్‌మెంట్ దగ్గర మాత్రం డాష్‌బోర్డ్ అంతా పచ్చగా, నూటికి నూరు శాతం డాక్యుమెంటేషన్ పూర్తి. రెండూ నిజమే, అదే ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో నా సొంత అనుభవం చెప్తాను. 24 పడకల మెడికల్ వార్డు, ఈవినింగ్ డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. ఒక సిస్టర్ రాత్రి భోజనానికి ముందు ఒక పేషెంటుకి 8 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చింది, ఎంటర్ చేద్దామని స్టేషన్‌కి వచ్చేసరికి కంప్యూటర్ ఖాళీ లేదు, రెండో సిస్టర్ ఫార్మసీ ఇండెంట్ (వార్డుకి కావాల్సిన మందుల రిక్వెస్ట్) పెడుతోంది ఎందుకంటే ఎనిమిది దాటితే ఇండెంట్ క్లోజ్ అయిపోతుంది. ఈలోగా క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్ దిగింది, ఈ సిస్టర్ అటు పరిగెత్తింది. ఎనిమిదికి నైట్ సిస్టర్ వచ్చింది, హ్యాండోవర్ (తర్వాతి షిఫ్ట్‌కి పేషెంట్ల అప్పగింత) అందరిదీ రెండో సిస్టరే ఇచ్చేసింది, ఇన్సులిన్ సంగతి ఆవిడకి తెలీదు. నైట్ సిస్టర్ స్క్రీన్ తెరిస్తే ఆ పేషెంటు పేరు పక్కన డోస్ డ్యూ అని ఎర్రగా ఉంది. పాపం ఆవిడ చెయ్యాల్సిందే చేసింది, ఇన్సులిన్ లోడ్ చేసుకుని బెడ్ దగ్గరికి వెళ్లింది. పేషెంటు భార్య అంది, "ఇందాకే పొడిచారు కదమ్మా, మళ్లీ ఏంటి?" అని. అక్కడ ఆగింది. పేషెంటు భార్య ఆ నిమిషంలో నీళ్ల బాటిల్ పట్టుకుని బయటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినట్టు ఉంటుంది.

ఇన్సిడెంట్ ఫారం నింపారు. కారణం అన్న చోట "స్టాఫ్ టైంకి ఎంటర్ చేయలేదు" అని, చర్య అన్న చోట "కౌన్సెలింగ్ ఇచ్చాము" అని. దాని మీద సంతకం పెట్టిన సూపర్‌వైజర్‌ని నేనే. మొదట ఇన్సులిన్ ఇచ్చిన ఆ అమ్మాయి ఆ రాత్రి ఏడుస్తూ వెళ్లింది, నేను చేసింది తప్పని తెలియడానికి నాకు వారం పట్టింది.

క్వాలిటీ మేనేజ్‌మెంట్ అంటే అసలు ఏంటో ఆ వారంలోనే అర్థమైంది. టయోటా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి ఒకటి ఉంది, తప్పు కనపడితే ఎందుకు ఎందుకు అని ఐదుసార్లు అడగమంటారు. ఎందుకు ఎంటర్ చేయలేదు, కంప్యూటర్ ఖాళీ లేదు. ఎందుకు ఖాళీ లేదు, 24 పడకలకి ఒక్కటే ఉంది, దాని మీదే ఇండెంట్, డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదికే అందరూ ఎందుకు మీద పడతారు, ఫార్మసీ కట్ ఆఫ్ ఎనిమిది కాబట్టి. ఎనిమిది ఎందుకు పెట్టారు, ఫార్మసీలో షిఫ్ట్ అప్పుడు మారుతుంది కాబట్టి. మన షిఫ్టూ వాళ్ల షిఫ్టూ ఒకే టైంకి మారేలా ఎవరు పెట్టారు, ఎవరూ కూర్చుని పెట్టలేదు, ఎప్పట్నుంచో అలా నడుస్తోంది. చూశారా, ఐదు ఎందుకులు అడిగితే ఆ అమ్మాయి పేరు ఎక్కడా రాలేదు. అమెరికా క్వాలిటీ నిపుణుడు డెమింగ్ ఎప్పుడూ ఇదే చెప్పేవాడు, తప్పుల్లో 94 శాతం దాకా సిస్టమ్‌వే, దాన్ని మార్చాల్సిన బాధ్యత మేనేజ్‌మెంట్‌ది అని ఆయన అంచనా. మన దగ్గర మాత్రం ఇప్పటికీ మొదటి ఎందుకు దగ్గరే ఆగిపోయి మెమో ఇచ్చేస్తాం.

తర్వాత ఏం చేశామంటే, ఫార్మసీ ఇన్‌ఛార్జ్‌తో కూర్చుని రెగ్యులర్ ఇండెంట్ కట్ ఆఫ్ సాయంత్రం ఐదుకి మార్పించాం, ఎమర్జెన్సీవి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు. బెడ్ దగ్గరే ఎంటర్ చెయ్యడానికి ట్రాలీ మీద ఒక ల్యాప్‌టాప్ అడిగాం, ఇచ్చారు, వారం తిరక్కుండానే అది మూలన పడింది. ఎందుకా అని ఒక షిఫ్ట్ మొత్తం నేను ట్రాలీ వెంట తిరిగాను. పదహారో బెడ్ దాటితే వైఫై రాదు, బ్యాటరీ రెండు గంటలకే అయిపోతుంది, ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే లాగ్అవుట్ అయిపోయి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, చేతికి గ్లవ్స్ ఉంటాయి. ఇవన్నీ సరిచేశాక రెండో విడత ఆ ఒక్క వార్డులోనే, అదీ ఈవినింగ్ షిఫ్ట్‌లోనే మళ్లీ పెట్టాం, అప్పుడు నిలబడింది. పుస్తకాల్లో ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అని ఉంటుంది కదా, అది ఇదే. మొదటిసారి మూలన పడిందని ట్రాలీ వెనక్కి పంపేసి ఉంటే మాకు ఏమీ మిగిలేది కాదు, కాబట్టి మీ దగ్గర ఏదైనా ట్రయల్ ఫెయిల్ అయితే సిస్టర్స్ వాడట్లేదు అని రాసెయ్యకండి, వెంట నడిచి చూడండి.

ఇప్పుడు కస్టమర్ ఎవరు అన్న మాటకొస్తే, పేషెంటే, అందులో సందేహం లేదు. కానీ నర్సింగ్ రికార్డుకి ఇంకో కస్టమర్ కూడా ఉంది. జపాన్‌లో ఇషికావా అనే క్వాలిటీ పెద్దాయన, మనం గీసే చేపముల్లు బొమ్మ ఆయనదే, ఆయన చెప్పిన మాట "తర్వాతి ప్రాసెసే నీ కస్టమర్" అని. మనకి తర్వాతి ప్రాసెస్ అంటే తర్వాతి షిఫ్ట్ సిస్టర్. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ హ్యాండోవర్ స్క్రీన్ బాగుందో లేదో వెండర్‌ని అడగొద్దు, రాత్రి ఎనిమిదికి డ్యూటీకి వచ్చే సిస్టర్‌ని అడగండి. ఆవిడకి కావాల్సింది ఏ పేషెంటు బాలేదు, ఏ మందు ఆగింది ఎందుకు ఆగింది, ఏ రిపోర్టు రావాలి, డాక్టర్‌కి ఏం చెప్పారు ఆయన ఏమన్నారు. ఇవి ఒక్క స్క్రీన్‌లో రాకుండా ఏడు ట్యాబులు తిరగాల్సి వస్తే ఆవిడ తిరగదు, నోటితో చెప్పింది విని చిట్టీ రాసుకుంటుంది, మళ్లీ చిట్టీల కథ మొదటికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ మంచిదైతే చాలు అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల హాస్పిటల్ సంగతి చెప్తాను. 2002లో అక్కడ కంప్యూటర్‌లో ఆర్డర్లు పెట్టే సిస్టమ్ మొదలుపెట్టారు. వేరే చోట్ల నుంచి సీరియస్‌గా తీసుకొచ్చిన పిల్లల్లో మరణాలు అంతకుముందు 2.80 శాతం ఉంటే తర్వాత 6.57 శాతానికి పెరిగాయని 2005లో అక్కడి డాక్టర్లే పేపర్ రాశారు. ఎందుకలా అంటే, అంతకుముందు పిల్లాడు అంబులెన్స్‌లో ఉండగానే ఆర్డర్లు రాసి మందులు రెడీ పెట్టుకునేవారు, కొత్త సిస్టమ్‌లో పిల్లాడు వచ్చి రిజిస్టర్ అయితే గానీ ఆర్డర్ పెట్టడానికి లేదు. మందులు వార్డులోంచి తీసి సెంట్రల్ ఫార్మసీకి మార్చారు. డాక్టర్లూ నర్సులూ బెడ్ దగ్గర నుంచి కంప్యూటర్ దగ్గరికి జరిగారు. తర్వాతి ఏడాది సియాటిల్ పిల్లల హాస్పిటల్ వాళ్లు అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ గురించి రాశారు, అక్కడ మరణాలు పెరగలేదు. సాఫ్ట్‌వేర్ అదే, చుట్టూ పని నడిచే తీరు వేరు. ప్రాసెస్‌గా చూడటం అన్న సూత్రానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలీదు, మీ మేట్రన్ గారికి కూడా ఇది చెప్పండి.

అందుకే మాడ్యూల్‌లో ఒక్క బటన్ మార్పించే ముందు పని ఎలా జరుగుతోందో కాగితం మీద గీసుకోండి, ఆఫీసులో కూర్చుని కాదు, ఒక మందు వెంట డాక్టర్ ఆర్డర్ నుంచి పేషెంటు నోట్లో పడేదాకా నడిచి. ఎన్నిసార్లు ఒకే సమాచారం రెండు చోట్ల రాస్తున్నారో లెక్కపెట్టండి. చాలా హాస్పిటల్స్‌లో కంప్యూటర్ పెట్టాక కూడా "ఎందుకైనా మంచిది" అని పేపర్ డ్రగ్ చార్ట్ ఉంచేస్తారు, డాక్టర్ రౌండ్స్‌లో పేపర్ మీద డోస్ మారుస్తాడు, స్క్రీన్ మీద పాతదే ఉంటుంది. రెండు రికార్డులుంటే ఏది నిజం అన్నది ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టర్ అదృష్టం మీద ఉంటుంది. ఇది వినడానికి చిన్న విషయం, నా అనుభవంలో మందుల పొరపాట్లకి ఇంతకన్నా పెద్ద మూలం లేదు. ఏ తారీఖు నుంచి ఏ వార్డులో పేపర్ చార్ట్ పూర్తిగా ఆగిపోతుందో రాతపూర్వకంగా సర్క్యులర్ తీయించండి.

మీరు బార్‌కోడ్ (మందు ఇచ్చే ముందు మందునీ పేషెంటు బ్యాండ్‌నీ స్కాన్ చెయ్యడం) గురించి కూడా అడిగారు, వెండర్ అమ్ముతున్నాడని. ఇది పుట్టిందే ఒక నర్సు బుర్రలోంచి. అమెరికాలో మాజీ సైనికుల హాస్పిటల్స్ ఉంటాయి, కాన్సస్ రాష్ట్రంలో టొపీకాలో అలాంటి హాస్పిటల్‌లో పనిచేసే సూ కిన్నిక్ అనే నర్సు 1990ల మొదట్లో అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి మనిషి బార్‌కోడ్ స్కాన్ చెయ్యడం చూసి, కార్లకి చేస్తే మందులకి ఎందుకు చెయ్యకూడదు అనుకుంది. తర్వాత అది ఆ హాస్పిటల్స్ అన్నిటికీ వెళ్లింది. పని చేస్తుందా అంటే చేస్తుంది, బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ వాళ్లు 2010లో రాసినదాని ప్రకారం, టైం సంబంధమైనవి తీసేస్తే, మందు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. అయితే 2008లో ఇంకో పరిశోధన ఐదు హాస్పిటల్స్‌లో నర్సులు బార్‌కోడ్‌ని ఎలా తప్పించుకుంటున్నారో చూసింది, 15 రకాల దొడ్డిదారులు, వాటికి 31 కారణాలు దొరికాయి. పేషెంటు రిస్ట్‌బ్యాండ్ కాపీలు బయట పెట్టుకుని వాటినే స్కాన్ చెయ్యడం అందులో ఒకటి. బ్యాండ్ తడిసి చదవకపోతే, స్కానర్ బ్యాటరీ అయిపోతే, పేషెంటు ఐసోలేషన్‌లో ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ప్రతి దొడ్డిదారీ మనకి సిస్టర్ రాసిన ఫిర్యాదు లాంటిది, చదవడం మనకి రావాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మన ఫార్మసీలో స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు. పది మాత్రల స్ట్రిప్‌లో మూడు కత్తిరిస్తే పేరు సగం, ఎక్స్‌పైరీ ఇంకో ముక్క మీద, బార్‌కోడ్ అసలు ఉండదు. కాబట్టి బార్‌కోడ్ ప్రాజెక్టు వార్డులో మొదలవదు, ఫార్మసీలో ఒక్కో డోస్‌ని విడిగా ప్యాక్ చేసి లేబుల్ వెయ్యడంతో మొదలవుతుంది. దానికి మనిషి, మెషిన్, చోటు కావాలి. అవి ఇచ్చేదాకా స్కానర్లు కొనొద్దు అని గట్టిగా చెప్పండి. సంబంధాలు చూసుకోవడం అన్న సూత్రం నా దృష్టిలో ఇదే, ఫార్మసీ, ల్యాబ్, ఐటీ, వెండర్ వీళ్లందరితో పోట్లాడకుండా ఒకే టేబుల్ మీద కూర్చోవడం.

డేటా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆధారాలతో నిర్ణయం అంటే అందరూ గ్రాఫులు అనుకుంటారు. మీ వార్డులో నిన్నటి రెస్పిరేటరీ రేట్లు ఒకసారి తీసి చూడండి. దాదాపు అందరికీ 20 అని ఉంటుంది, లేదంటే 18, 22. ఒక నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టే టైం లేక అలవాటుగా వేసేస్తారు, నేనూ వేశాను ఒకప్పుడు. దీనివల్ల ఏమవుతుందో చూడండి. మీ మాడ్యూల్‌లో న్యూస్ స్కోర్ (పేషెంటు దిగజారుతుంటే ముందే హెచ్చరించే లెక్క) ఆటోమేటిక్‌గా వస్తుందన్నారు, బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించినది. అందులో రేటు 12 నుంచి 20 అయితే సున్నా, 21 నుంచి 24 అయితే 2, 25 ఆపైన 3. మొత్తం 5 వస్తే అర్జంటుగా డాక్టర్ చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ. పేషెంటు మెల్లగా దిగజారుతుంటే చాలాసార్లు మొట్టమొదట మారేది శ్వాసే. నిజంగా 26 ఉన్న పేషెంటుకి మనం 20 వేస్తే మూడు పాయింట్లు మాయమైపోతాయి, సిస్టమ్ అంతా బాగుంది అంటుంది. అంత ఖరీదైన లెక్క మొత్తం ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది. దీనికి కౌన్సెలింగ్ కాదు మందు, వైటల్స్ రౌండ్‌కి ఎంత టైం పడుతుందో మీరే స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక సిస్టర్‌తో తిరగండి, 12 మంది పేషెంట్లకి నిజాయితీగా చూస్తే ఎంతసేపో తేలాక అది మేట్రన్ గారి ముందు పెట్టండి.

అలాగే కంపల్సరీ ఫీల్డులు. ప్రతి ఆడిట్ తర్వాత ఎవరో ఒకరు ఇది కూడా కంపల్సరీ చెయ్యండి అంటారు. కంపల్సరీ చేసిన ఫీల్డులో చుక్క పెట్టి, లేదా "ఎన్ఏ" అని కొట్టి ముందుకు వెళ్లిపోతారు. మీ అడ్మిషన్ అసెస్‌మెంట్‌లో ఎన్ని ఫీల్డులున్నాయో లెక్కపెట్టి, ఒక్కోదాని పక్కన ఇది చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు అని రాయండి. ఎవరి పేరూ రాయలేని ఫీల్డులు తీసేయమని అడగండి. నేను కొత్తవి పెట్టించినదానికన్నా పాతవి తీయించినదానికే సిస్టర్లు ఎక్కువ సంతోషపడ్డారు.

పడిపోవడం రిస్క్ స్కోర్ కూడా చూడండి. మోర్స్ స్కేల్‌లో ఐవీ (నరంలో సెలైన్ సూది, అదే క్యాన్యులా) ఉంటే 20, రెండో జబ్బు ఉంటే 15, నడక బలహీనంగా ఉంటే 10, అంటే 45. చాలా హాస్పిటల్స్‌లో 45 దాటగానే, కొన్నిచోట్ల 45కే, హై రిస్క్. మన మెడికల్ వార్డులో క్యాన్యులా లేని పేషెంటు ఎంతమంది, షుగరో బీపీనో లేనివాళ్లు ఎంతమంది. వార్డులో ముప్పావు వంతు మందికి పసుపు బ్యాండ్ వేస్తే ఆ పసుపు ఎవరి కంటికీ ఆనదు. అలర్టుల విషయంలోనూ అంతే, రోజుకి వంద పాప్‌అప్‌లు వస్తే వందా చూడకుండా ఓకే కొడతారు, అందులో అసలైనది కూడా పోతుంది. నెలలో ఏ అలర్టుని ఎన్నిసార్లు చూసీ చూడనట్టు దాటేశారో లాగ్ తీయించి, ఎప్పుడూ దాటేసేవాటిని డాక్టర్లతో, ఫార్మసీతో కూర్చుని తగ్గించండి.

నెలవారీ ఇండికేటర్లు చూసేటప్పుడు పోయిన నెల కన్నా ఈ నెల పెరిగిందా తగ్గిందా అని రెండు అంకెలు పోల్చి మీటింగులో ఎవర్నీ నిలదీయనివ్వకండి. వార్డులో పేషెంట్లు ఎక్కువున్న నెలలో పడిపోయినవాళ్లూ ఎక్కువుంటారు, అందుకే వెయ్యి పేషెంట్ రోజులకి ఎన్ని అని లెక్కగట్టాలి. వాటిని వరుసగా చుక్కలు పెట్టి మధ్యలో మీడియన్ గీత (సగం చుక్కలు పైన, సగం కింద ఉండేలా) గీయండి. ఆరు లేదా అంతకన్నా ఎక్కువ చుక్కలు వరసగా గీతకి ఒకే వైపు ఉంటే, లేదా ఐదు చుక్కలు వరసగా ఎక్కుతూనో దిగుతూనో ఉంటే అప్పుడు ఏదో నిజంగా మారింది అని అర్థం, మిగతాదంతా మామూలు ఊగిసలాట. ఎక్సెల్‌లో పది నిమిషాల పని. ఇంకో మాట, ఇన్సిడెంట్ రిపోర్టింగ్ సులువు చేస్తే మొదటి కొన్ని నెలలు అంకెలు పెరుగుతాయి. పొరపాట్లు పెరిగి కాదు, దాచడం తగ్గి. ఇది ముందే మేనేజ్‌మెంట్‌కి చెప్పి ఉంచండి, లేకపోతే మీ హయాంలో ఇన్సిడెంట్లు పెరిగాయని మీ మీదే పడుతుంది, సిస్టర్లు మళ్లీ నోరు మూసుకుంటారు.

పేర్ల గురించి ఒక ముక్క. మన దగ్గర ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒక్కో కౌంటర్లో ఒక్కోలా, వెంకటేశ్వర్లు కాస్తా వెంకటేశ్వరరావు అయిపోతాడు. పోయినసారి వచ్చినప్పటి నంబర్ దొరక్క కొత్త నంబర్ ఇచ్చేస్తే పాత ఎలర్జీ హిస్టరీ మొత్తం ఇంకో ఫైల్లో ఉండిపోతుంది. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబర్ (ఒక్కో మనిషికి ఇచ్చే హెల్త్ ఐడీ) ఉంది, రిజిస్ట్రేషన్‌లో అడిగి లింక్ చేయిస్తే కొంత మేలు. వార్డులో మాత్రం "లక్ష్మేనా?" అని అడగకూడదు, అందరూ తలూపుతారు. మీ పేరేంటమ్మా అని ఆవిడ చేతే చెప్పించి, బ్యాండ్ మీద నంబర్ చూడాలి. స్క్రీన్ మీద ఒకే పేరున్న పేషెంట్ల పక్కన గుర్తు వచ్చేలా వెండర్‌ని అడగండి.

సిస్టర్స్ విషయానికొస్తే, మొదట లాగిన్లు చూడండి. కొత్తగా చేరినవాళ్లకి ఐడీ రావడానికి పది రోజులు పడితే ఆ పది రోజులూ వాళ్లు ఇన్‌ఛార్జ్ లాగిన్‌తోనే పని చేస్తారు, ఇంక ఆ వార్డులో ఎవరు ఏ మందు ఇచ్చారో ఎవరూ చెప్పలేరు, రేపు కోర్టు కేసైతే ఇన్‌ఛార్జ్ ఇరుక్కుంటుంది. చేరిన రోజే ఐడీ కార్డుతోపాటు లాగిన్ ఇవ్వాలని హెచ్ఆర్‌తో ఒప్పించండి. ట్రైనింగ్ నైట్ డ్యూటీ దిగినవాళ్లని కూర్చోబెట్టి ఇవ్వకండి, అది వాళ్లకి చేసే అన్యాయం, డ్యూటీ టైంలోనే ఇవ్వాలి. మీ దగ్గర కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన సిస్టర్లు ఉంటారు, పేషెంటు తెలుగులో "గుండెల్లో మంట" అన్నా "ఆయాసం" అన్నా వాళ్లు దాన్ని ఇంగ్లీషులో ఏం రాస్తున్నారో ఒకసారి చూడండి, పది మాటలకి ఒక చిన్న పట్టీ చేసి స్టేషన్లో అంటిస్తే చాలా ఉపయోగపడుతుంది. ఇంకోటి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 కొత్త సిలబస్‌లో బీఎస్సీ నర్సింగ్‌లో ఇన్ఫర్మాటిక్స్ సబ్జెక్టుగా పెట్టింది. ఆ పిల్లలు ఇప్పుడు డ్యూటీల్లోకి వస్తున్నారు. వాళ్లని డేటా ఎంట్రీకి కాకుండా మీ టీంలోకి తీసుకోండి, ఎక్సెల్ వాళ్లు చూసుకుంటారు, వార్డు మీరు చూపించండి.

సిస్టమ్ పడిపోతే ఏం చెయ్యాలో కూడా ఇప్పుడే రాసుకోండి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు రోజుల తరబడి అంతా చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. మీ కొత్త సిస్టర్లలో పేపర్ డ్రగ్ చార్ట్ ఎప్పుడూ చూడనివాళ్లు ఉంటే వాళ్లకి నేర్పాలి. ప్రతి వార్డులో సీల్ చేసిన డౌన్‌టైం ఫోల్డర్, కొన్ని గంటలకోసారి మందుల లిస్టు ఆటోమేటిక్‌గా ఒక పీసీలో సేవ్ అయ్యే ఏర్పాటు, నెలకో గంట డ్రిల్. సిస్టమ్ మళ్లీ వచ్చాక పేపర్ మీదవి ఎవరు, ఎప్పటిలోగా ఎక్కిస్తారో కూడా అందులోనే ఉండాలి, ఎక్కువ గందరగోళం అక్కడే జరుగుతుంది.

ఎన్‌ఏబీహెచ్ గురించి భయపడకండి. 2023లో వాళ్లు హాస్పిటల్స్‌కి డిజిటల్ హెల్త్ స్టాండర్డ్స్ కూడా విడిగా తెచ్చారు, తెప్పించుకుని చదవండి. అసెసర్ వచ్చి ఒక పేషెంటుని పట్టుకుని అడ్మిషన్ నుంచి ఇప్పటిదాకా వెంట వెళ్తారు, సిస్టర్‌ని అడుగుతారు. అప్పుడు మీరు చేసిన టైం తేడా చార్టు, ఇండెంట్ కట్ ఆఫ్ మార్చిన సర్క్యులర్, మూలన పడ్డ ట్రాలీ లాంటి కథ, తర్వాత గ్రాఫ్ ఎలా దిగిందో చూపిస్తే ఏడు సూత్రాలూ విడిగా చెప్పక్కర్లేదు.

మేట్రన్ గారిని ఒక్కటి అడగండి, డాష్‌బోర్డ్‌లో "ఎంత శాతం పూర్తయింది" అన్న అంకె పక్కనే "ఎంత శాతం అరగంటలోపు ఎక్కింది" అన్న అంకె కూడా పెట్టించమని, నెలకోసారి రాత్రి తొమ్మిది గంటలకి ఆవిడే స్వయంగా ఒక వార్డుకి వచ్చి మందుల రౌండ్ మొత్తం నిలబడి చూడమని. మొదట ఒప్పుకోకపోవచ్చు, మా దగ్గర రెండు నెలలు పట్టింది.

ఐటీ వాళ్లకి మెయిల్ ఈరోజే పెట్టండి. ఒక వార్డు, ఏడు రోజులు, మందులు, వైటల్స్ రెండూ, పేషెంటు పేర్లూ స్టాఫ్ పేర్లూ తీసేసి, ఇచ్చిన టైం, సేవ్ అయిన టైం, ఇంతే అడగండి. వచ్చాక గంటల వారీగా గుట్టలు ఎక్కడ పడ్డాయో ఇక్కడ రాయండి, ఆ గంటల్లో వార్డులో ఇంకా ఏమేం జరుగుతాయో కూడా రాయండి, తర్వాత ఏ ఎందుకుతో మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.